గునుగు పోసిన ఒడిబియ్యం

ఒక చెల్క ఉండె. ఎర్రమట్టి చెల్క. ఏటేటా దాంట్ల జొన్న ఏసేటోళ్ళు. జొన్న నడుమ కంది సాలు, కంది పక్కపొంటి పెసర. ఈ పంటల సందుల, ఎవ్వరు ఏయకుండ మొలిచేటోళ్ళు ఇంక కొందరుండె. ఈ ముచ్చట వాళ్ళది.

వాళ్ళల్ల పెద్దది గునుగు. సక్కగ నిలవడేది. నెత్తి మీద తెల్లటి కుచ్చు, కుచ్చు కొసకు జర గులాబి రంగు. లేతగున్నప్పుడు ఆకు కూరకు పనికొచ్చేది, బతుకమ్మ పండుగొస్తె ఊరి ఆడోళ్ళు దాని కుచ్చులు ఏరుకోని తెంపుకపోయేటోళ్ళు. అందుకే చెల్కల ఏ మాటొచ్చినా ముందుగాల గునుగును అడిగేటోళ్ళు.

గునుగు పక్కకు తుమ్మి. తుమ్మి పొట్టిది, నోరు జర కారం. గని దాని తెల్లపువ్వుల తేనె ఉంటది, అందుకని తేనెటీగలు పొద్దంత దాని ఇంటి ముంగటనే తిరిగేటివి. గునుగును అది వదినె అని పిలిచేది.

అందరి కింద గరిక. దాన్ని ఎడ్లు తొక్కినయ్, బండ్లు తొక్కినయ్, మనుషులు తొక్కిండ్రు. అయినా లేసి కూసుంటది. ఇంక దానికి భయమెక్కడిది. ఎవరొస్తె వాళ్ళను ఎక్కిరిచ్చుడే దాని పని. గట్టు మీద తంగేడు ఉండె. ఆమె చెల్కలకు దిగకపోయేది గని, పసుపు కావాలంటె కాదనకపోయేది.

గునుగుకు ఒక్కటే రంధి. తన గింజ మొలవాలె. దాని గింజ నల్లగ, నున్నగ, ఆవగింజ కన్న సన్నగ ఉంటది. ఎండకాలమంత మట్టి కింద పండుకుంటది, మొదటి వానకు లేస్తది. లేసినప్పుడు దానికి బెత్తెడు జాగ దొరకాలె. గంతే. గునుగు తల్లి, ఆ తల్లికి తల్లి, అందరు ఆ బెత్తెడు జాగల్నే పుట్టిండ్రు, ఆ బెత్తెడు జాగల్నే పోయిండ్రు.

ఆ చెల్క ఒక ముసలాయనది. ఆయన పెండ్లాం కలుపు తీసేది. కలుపు అంటె అందరు తీసినట్టు గాదు. ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుముకు చెక్కుకోని ఒడి చేసుకునేది. తుమ్మాకు ఒక గుప్పెడు, గునుగాకు ఒక గుప్పెడు, ఏది లేతగుంటె అది గిల్లి ఒడిలేసుకునేది. పొద్దుగూకేసరికి ఒడి నిండేది. మాపటికి అదే కూర.

ఇంకో సంగతి. ఏ చెట్టునైనా ఆమె అంత పీకకపోయేది. ప్రతి జాతిల ఒక్కటి ఇడిచేది. ఇడిచి దాంతోటి మాట్లాడేది. "నిన్ను గింజకు ఇడుస్తున్న. వచ్చే ఏడు మల్ల రావాలె." వాళ్ళ అత్త గట్ల చేసేది, అత్తకు వాళ్ళ అత్త నేర్పిందట. మట్టిలకెల్లి రెండాకులు బయటికి ఎల్లంగనే ఇది గునుగు, ఇది తుమ్మి అని ఆమె చెప్పేది. రెండాకుల మీద ఉన్నప్పుడు ముసలాయనకు అన్ని ఒక్కతీరుగనే కొట్టేటివి.

"నువ్వు చెట్లతోటి మాట్లాడినంత నాతోటి మాట్లాడవు గదనే," అనేటోడు ముసలాయన.

"నిన్ను గిల్లితె మల్ల చిగురేస్తవా మరి?" అనేది ఆమె.

ఒక ఏడు ముసలాయన ఎడ్లను అమ్మేసిండు. మోకాళ్ళు సహకరిస్తలేవు, ఎడ్ల ఎనక తిరగలేడు. కిరాయికి ట్రాక్టరు పిలిపిచ్చిండు. ఆ ట్రాక్టరు ఎన్ని ఊర్లు తిరిగొచ్చిందో ఏమో, దాని టైర్ల సందుల ఎక్కడెక్కడిదో మట్టి. దున్నుకుంట పోతాంటె ఆ మట్టి చెల్కల రాలింది. వాన పడ్డంక చూస్తె, గట్టు దిక్కు ఒక కొత్తామె నిలవడ్డది.

ఆకులు సన్నసన్నగ కోసినట్టుండె, కొత్తిమీర లెక్క. పువ్వులు తెల్లగ, పేలాలు చల్లినట్టుండె. గాలి లేకున్నా ఊగినట్టే కనవడేది.

గునుగు ఆమెను పలకరిచ్చింది. "ఎవరి బిడ్డవమ్మా?"

"నాకెవ్వరు లేరు. మస్తు దూరంకెల్లి వచ్చిన."

"అత్తగారిల్లు యాడ?"

"నిలవడ్డకాడనే."

గరిక పక్కున నవ్వింది. "మంచిగున్నది పిల్లా. అత్త పోరు లేదన్నట్టు."

తుమ్మి నవ్వలే. గునుగు దిక్కు ఒరిగి సన్నగ అన్నది. "వదినె, మేకను చూసినవా? దీని దగ్గరికొచ్చి మూతి పెట్టింది, పెట్టి తిప్పుకోని పోయింది. మేక ఇడిసిన ఆకును నేను ఎన్నడు చూడలే."

"మేకకేం తెలుసే," అన్నది గునుగు. "పువ్వు చూడు. తెల్లది. నాది తెల్లది, నీది తెల్లది. ఎక్కడనో మన చుట్టమే అయ్యుంటది. ఆడిమనిషి, ఒక్కతే ఉన్నది. ఏడికి పొమ్మంటవ్?"

ఆ చెల్కల ఒక ఆచారముండె. దిక్కులేని ఆడది గడపల నిలవడితె, ఒడిబియ్యం పోసి బిడ్డను చేసుకునుడు. ఒక్కసారి ఒడి నింపినంక ఆమె ఇంటి ఆడబిడ్డ. ఎప్పుడొచ్చినా కాళ్ళకు నీళ్ళియ్యాలె. పురుటికొస్తె జాగ చూపియ్యాలె. వద్దు అన్న మాట ఆమె ముంగట ఎవ్వరి నోట్లకెల్లి రావొద్దు. మనుషులు తప్పుతరేమో గని చెట్లు ఆ మాట తప్పలే.

చెట్లకు బియ్యం యాడియి. గునుగు తన వేర్ల కాడి తడిమట్టి తీసింది, అదే బియ్యం. తంగేడు గట్టు మీదికెల్లి పసుపు రాల్చింది. గరిక పోగులు పేని ముడుపు కట్టింది. తుమ్మి మూతి ముడుచుకోనే రెండు పువ్వులేసింది. కొత్తామె ఒడి పట్టింది. పోసేటప్పుడు గునుగు కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. దానికి బిడ్డలుంటరు గని, ఒడిబియ్యం పోసేదాక ఏ బిడ్డను చూడలే, అవి మొలిచేసరికి ఇది ఎండిపోతది. ఇదే మొదటిసారి ఒక బిడ్డను కండ్లార చూసుడు.

"సల్లగుండు బిడ్డా," అన్నది. "నీ ఒడి నిండాలె."

అయిదారు దినాలకు ముసలామె కలుపు తీసుకుంట గట్టు దిక్కు వచ్చింది. కొత్త చెట్టు కాడ ఆగింది. అప్పటికి ఒకటి గాదు, పక్కకు ఇంక మూడు లేసినయ్. ముసలాయన బీడి కాల్చుకుంట గట్టు మీద కూసున్నడు.

"అదేం చెట్టే?"

"ఏమో. ఎన్నడు చూడలే. పువ్వు మంచిగున్నది."

"వయ్యారిభామ అంటరట. రోడ్డు పొంటి మస్తున్నది. పీకరాదు."

ఆమె మూడింటిని పీకింది. నాలుగోదాని మొదట్ల చెయ్యేసి ఆగింది.

"దాన్నెందుకు ఇడిచినవ్?"

"ఒకటి ఇడుస్త. ఏ జాతినైన వంశం లేకుండ తీసేదానికి మనమెవ్వరం?"

ముసలాయన మల్ల బీడి గుంజిండు. ఆమె చేసేదాంట్ల తప్పు ఆయనకు ఎన్నడు కనవడలే. ఆమెకు గూడ కనవడలే. పైన ముసలామె, కింద గునుగు, ఇద్దరు ఒక్కతీరు మర్యాదనే చేసిండ్రు.

ఆ ఏడే ఆడబిడ్డ కాళ్ళకు నీళ్ళడిగింది. ఇచ్చిండ్రు. ఆమె కడుక్కున్న నీళ్ళు మట్టిలకు దిగినయ్. దిగి అటు తుమ్మి వేర్ల దాకా, ఇటు గునుగు వేర్ల దాకా పోయినయ్. నీళ్ళు చేదుగున్నయ్ అన్నది గరిక. ఆడబిడ్డ కాళ్ళు కడిగిన నీళ్ళు చేదనొద్దు అని గునుగు దాన్ని కసిరిచ్చింది.

తర్వాత ఆమె పురుటికి వచ్చింది. వచ్చుడేంది, పోతె గద వచ్చేది. తల్లిగారింట్లనే ఉన్నది. జాగ కావాలన్నది, చూపిచ్చిండ్రు. తుమ్మి జర ఇటు జరిగింది, గునుగు జర అటు జరిగింది. నెల తిరగకముందుకే ఆమెకు పిల్లలు. లెక్క పెట్టనీకె రాలే. గాలి ఎటు పోతె అటు, నీళ్ళు ఎటు పారితె అటు, మేకల డెక్కలకు అంటుకోని, మనుషుల చెప్పులకు అంటుకోని పోయిండ్రు. పోయినకాడ లేసిండ్రు. లేసినోళ్ళకు మల్ల పిల్లలు. ఒక్క వానకాలంల తల్లి, బిడ్డ, మనుమరాలు, ముగ్గురు ఒక్కసారే పురుటికి కూసున్నరు.

ఒడి నిండాలెనని అన్నది గద గునుగు. నిండింది.

"పెద్దమ్మా," అన్నది గరిక, "పురుడు అయినంక బిడ్డను అత్తగారింటికి తోలుతరు గద. ఈమెనెప్పుడు తోలుడు?"

"అత్తగారిల్లు లేదన్నది గదనే."

"అందుకే అడుగుతున్న."

వచ్చే ఏడు మొదటి వాన పడ్డది. గునుగు గింజలు మట్టి కింద లేసి కూసున్నయ్. లేసినయ్ గని చేదు నీళ్ళు నోట్ల పడ్డయ్. కొన్ని మల్ల పండుకున్నయ్, ఇగ లేవలే. కొన్ని మొలిచినయ్ గని పైన చూస్తె ఎండ లేదు, అంత ఆడబిడ్డ పిల్లల నీడ. తుమ్మికి గూడ గట్లనే అయ్యింది. తుమ్మి తక్కువైతె తేనెటీగలు తక్కువైనయ్. తేనెటీగలు ఒక పొద్దు రాలే, అంతే. మేకలు ఆడబిడ్డ మొకం చూడయి, అందుకని ఉన్న గునుగునే, ఉన్న గరికనే మల్ల మల్ల కొరికినయ్. జొన్న పొట్టకొచ్చింది గని, ఆడబిడ్డ పిల్లల పువ్వుల దుమ్ము కంకి మీద పడి, గింజ సరిగ్గ పట్టలే.

ఎన్నడు లేంది ఆ ఏడు గట్టు తడికి పెద్ద గునుగు ఎండకుండ నిలిచింది. ఒకనాడు అది బిడ్డ దగ్గరికి మాట తీసుకపోయింది. ఎట్ల అడగాలెనో తెల్వక పొద్దంత ఆగి, పొద్దుగూకేటప్పుడు అడిగింది.

"బిడ్డా, మా పిల్లలు మొలుస్తలేరు."

"అయ్యో. ఎందుకమ్మా?"

"నీ కాళ్ళ నీళ్ళు మాకు పడుతలేవు."

"నేనేం చేసిన? కాళ్ళే గద కడుక్కున్న. మీరిచ్చిన నీళ్ళతోటే కడుక్కున్న."

 ఆడబిడ్డనే మల్ల అన్నది, కోపంగ గాదు, నిమ్మలంగనే అన్నది.

"అమ్మా, మా దేశంల నన్ను తినే పురుగులుండె. నన్ను ఒత్తే గడ్డి ఉండె. నూరు మందిని కంటె ఒక్కరు బతికేది. ఈడ నన్ను ఎవ్వరు తింటలేరు, ఎవ్వరు ఒత్తుతలేరు. కన్నోళ్ళంత బతుకుతున్నరు. నన్నేం చెయ్యమంటవ్, సంపుకోమంటవా?"

 గునుగు ఎనకకు వచ్చింది.

"ఏమన్నది?" అని అడిగింది తుమ్మి.

"మంచిగనే మాట్లాడింది."

"మంచిగ మాట్లాడక ఆమెకేం నొప్పి వదినె. జాగంత ఆమెదే."

తుమ్మి ఆ ఏడు పూసిందే ఆఖరు. గరిక ఎక్కిరిచ్చుడు బందు పెట్టింది. చెల్క ఇడిసి బండ్ల బాట మీదికి పాక్కుంట పోయింది. తొక్కినా సరే, ఆడ జర ఎండ ఉన్నది.

ముసలామెకు చేతులు దురద పట్టినయ్. ముందుగాల చేతులు, తర్వాత మెడ. కలుపు తీసొచ్చిన రాత్రి గీరుకుంట కూసునేది. మల్ల దగ్గు. మల్ల ఆయాసం. ఒడి పట్టుకోని పోయేది, ఒడి ఖాళీగ వచ్చేది.

"ఏం తెచ్చినవ్?" అని అడిగేటోడు ముసలాయన.

"గాలి తెచ్చిన. వండాలెనా?"

ముసలాయనకు ఆ దగ్గు ఇన్నప్పుడల్లా పాణం కొట్టుకునేది. ఆమెను చెల్కలకు రాకుండ చెయ్యాలంటె కలుపే లేకుండ చెయ్యాలె అనుకున్నడు. ఒకనాడు గడ్డిమందు డబ్బా తెచ్చిండు.

"ఇది కొడితె పచ్చగున్నదంత పోతది," అన్నడు.

"అంతనా?"

"అంత. ఇది నీ కూర, ఇది నా కలుపు అని మందుకు తెలుస్తదా?"

"నువ్వు చెప్పరాదు దానికి."

"నీ దగ్గు పోవాలెనా వద్దా?"

 ఆయన ఎవరి మీద ప్రేమతోటి ఆ డబ్బా మోసుకొచ్చిండో ఆమెకు తెల్వదా. కొట్టనిచ్చింది.

మందు కొట్టినంక చెల్క పండుబారింది. ఆడబిడ్డ గూడ పడిపోయింది. ముసలాయన గట్టు మీద నిలవడి చూసి, మంచిగైంది అనుకున్నడు. గని ఆమె పోతె ఏంది. ఆమె పిల్లలు మట్టిల వేలకు వేలు పండుకోనున్నరు. ఎత్తుగున్నోళ్ళు లేరు, నీడ లేదు, ఒత్తేటోళ్ళు లేరు. మొదటి చినుకుకు అందరికన్న ముందు వాళ్ళే లేసిండ్రు. ఈసారి చెల్కంత వాళ్ళే.

గట్టు మూలకు, తంగేడు చాటుకు మందు పడకుంట ఒకే ఒక్క గునుగు మిగిలింది. ముసలి గునుగు బిడ్డనో, ఆ బిడ్డకు బిడ్డనో. చుట్టూత తెల్లపువ్వులే. వాళ్ళకు తల్లి చెప్పిన చుట్టరికం యాదికుండె. మర్యాద తప్పలే. దాన్ని అమ్మమ్మా అని పిలిచిండ్రు.

"అమ్మమ్మా, జర జరుగు," అన్నరు.

గునుగు జరిగింది.

"అమ్మమ్మా, ఇంక జర."

ఇంక జరగనీకె దాని ఎనక గట్టు రాయి ఉన్నది.

కార్తీకం ఎల్లిన తర్వాత ముసలామె ఒకనాడు కట్టె పట్టుకోని చెల్కకు వచ్చింది. రావొద్దంటె ఇనలే. నాలుగు అడుగులేస్తె ఊపిరి కోసం ఆగుతున్నది. తంగేడు చాటుకు గునుగు కనవడ్డది. దాని పక్కకు కూలవడ్డది.

"నువ్వొక్కదానివే ఉన్నవా," అన్నది. "నేను మీల ఎవ్వరు మిగల్లేదనుకుంటున్న."

కుచ్చు ఎండిపోయి ఉండె. ఆమె దాన్ని అరచేతుల పెట్టి నలిపింది, పొట్టు ఊదింది. ఊదనీకె ఊపిరి సరిపోలే, రెండుసార్లు ఆగింది. చేతుల నల్లటి గింజలు మిగిలినయ్, మెరుసుకుంట. కొంగు కొసకు పోసి ముడేసింది. గునుగు అట్లనే చూసింది. తన పిల్లలు ఒకరి ఒడిలకు పోతున్నరు. బెత్తెడు జాగ యాడనో ఒకకాడ దొరుకుతది అనుకున్నది. అనుకోని తల వాల్చింది.

ముసలాయన ఆమెను ఇంటికి తోలుకపోనీకె వచ్చిండు.

"ఏందే ముడేస్తున్నవ్, పుట్నాలా?"

"నీకు తెల్వదు తీయ్."

"తెల్వదనే గద అడుగుతున్న."

"రెండాకులు ఎల్లినంక చెప్త," అన్నది ఆమె. దగ్గు రాకముందుకు నవ్వింది గూడ.

వానలు ఇంకా రాలే. ఆమె ఊపిరాడక పోయింది.

  

తల్లిగారోళ్ళు వచ్చిండ్రు. పుణ్యస్త్రీగ పోయిందని కొత్త చీర కప్పి ఆఖరి ఒడిబియ్యం పోసిండ్రు. పాతచీర కొంగుకు ముడి కనవడ్డది. "ఏందో ఉన్నది, ఇప్పుదామా?" అన్నది ఒకామె. "ఉండనియ్. ఆమె కట్టుకున్నది ఆమెతోటే పోనియ్," అన్నది ఇంకొకామె. ఎవ్వరు ఇప్పలే.

చెల్క మూలకే మట్టి చేసిండ్రు, తంగేడు పక్కకు. దించేటప్పుడు కొంగు రాయికి తట్టుకోని ముడి దానంతట అదే ఇచ్చుకున్నది. గింజలు పక్కకు తీసిన మట్టి మీద రాలినయ్. ఏడుపుల ఎవ్వరు చూడలే. ఆ మట్టినే మల్ల పైనేసిండ్రు. తర్వాత చీమలు వచ్చినయ్, దొరికిన గింజను దొరికినట్టు ఎత్తుకపోయినయ్. ఒక్క గింజ ఒక పెడ్డ కింద మిగిలింది. చెల్క గాలికి ఇంకో గింజ కొట్టుకొచ్చి దాని పక్కకే పడ్డది. అది ఎవరిదో చెప్పనక్కరలేదు.

వాన పడ్డది. ముసలాయన చెంబుల నీళ్ళు పట్టుకోని బొంద కాడికి పోయిండు. ఆయన మేక ఒకటి ఎనకెనక వచ్చింది. చెల్కంత సన్నటి పచ్చదనం, ఎవరిదో తెలిసిందే. బొంద మీద మాత్రం లోపలి మట్టి పైకొచ్చింది గనక మొలకలు లేవు. తలకాడ రెండే లేసినయ్. పక్కపక్కన. ఒక్కోదానికి రెండాకులు.

ఆయన కూలవడ్డడు. రెండాకులు ఎల్లినంక చెప్త అన్నది గద.

"ఎల్లినయ్," అన్నడు మట్టితోటి. "ఇగ చెప్పు."

వంగి చూసిండు. కండ్లు నలుపుకోని చూసిండు. ఇదీ రెండాకులే, అదీ రెండాకులే. ఇదీ పచ్చగున్నది, అదీ పచ్చగున్నది. ఆమె ముడేసింది ఏదో గింజ అని ఇప్పుడు సమజైంది. దాంట్ల ఒకటి ఆమెది. ఏది ఆమెదో తెల్వదు. రెండిటిని ఉంచితె ఒకటి ఇంకోదాన్ని బతకనియ్యదు. ఒకటి పీకుదామంటె ఏది పీకాలె? పెరిగేదాక ఆగితె తెలుస్తది, గని తెలిసేసరికి ఆ చేదు నీళ్ళు దిగుతయ్.

ఎన్నేండ్లు ఆమె పక్కపొంటి గట్టు మీద కూసున్నడు. ఒక్కనాడు వంగి చూడలే.

అప్పుడు ఆయనకు మేక యాదికొచ్చింది. మేక వయ్యారిభామను ముట్టదు. వాసన చూసి మూతి తిప్పుకుంటది. ఏదాని కాడ మూతి తిప్పుకుంటదో అది పీకేస్తె అయిపోతది. ఇంత సులువు ఉపాయం తట్టినందుకు ఆయన మొకం మీదికి చాన దినాలకు జర నవ్వొచ్చింది. మేక మెడ పట్టుకోని దగ్గరికి గుంజిండు. వాసన చూపియ్యాలె, మూతి తెరవకముందుకే ఎనకకు గుంజాలె.

మేక వాసన చూసింది. మొదటిదాని కాడ ఆగి మూతి తిప్పుకున్నది. రెండోదాని కాడ ఆగలే.

మేకకు తెలుసు.

ఆయన గుంజేసరికి దాని పండ్ల నడుమ ఆ రెండాకులు నలుగుతున్నయ్. మట్టి మీద ఈనె కూడ మిగల్లే. ఏది గునుగో ముసలాయనకు అప్పుడు తెలిసింది.

మేక మూతి తుడుచుకోని బాట దిక్కు పోయింది. బొంద మీద ఒక్కటే మొలక ఉన్నది. ముసలాయన చెయ్యి దాని మీదికి పోయింది. రెండు వేళ్ళతోటి మొదలు పట్టుకున్నడు. ఇంత సన్నది, గాలికి వణుకుతున్నది. ఆమె మీద మొలిచింది ఇగ ఇది ఒక్కటే.

వేళ్ళు వదులైనయ్. చెంబు అందుకున్నడు. నీళ్ళు దాని మొదట్ల పోసిండు, ఇంటికొచ్చిన బిడ్డ కాళ్ళకు పోసినట్టు, నిమ్మలంగ.

మొలక నీళ్ళు తాగింది. తల ఎత్తింది. మర్యాదగనే అన్నది.

"తాతా, జర జరుగు."

ముసలాయన జరిగిండు.